రెండు సగాల నవల

నేను నేర్చుకున్నదంతా నంద్యాల లైబ్రరీలోనే. ఆ చదువు రుచి ఆళ్లగడ్డలో ఉన్న మా అక్క కూతురికీ తగలాలని ఆ లైబ్రరీ నుంచే కుర్రకారు నవలలు తీసుకెళ్లేవాణ్ని. మొన్న ఆ పిల్ల ఒకటి తిరిగి నా చేతిలో పెట్టేసింది.

"మామా, ఇందులో సగం నుంచి కతలో పిల్ల పేరు మారిపోయింది. కత మాత్రం మారలే. ఇంగ నాకు బుక్కులు తేవద్దు."

తిప్పి చూస్తే, బైండింగు చేసినతను రెండు వేర్వేరు నవలల సగాలను కలిపి కుట్టేశాడు. రెండింట్లోనూ అదే కాలేజీ, అదే అలక, అదే వాన.

లైబ్రేరియన్‌కు చూపిస్తే నవ్వాడు.

"శానామంది చదివినారప్పా. ఒక్కరూ అడగలే."

నాకు ఒళ్లు మండిపోయింది. కుట్టినవాడి మీద కాదు. దేన్ని దేనికి కుట్టినా అతికేలా రాసి, చదివే పిల్లకు చదువంటేనే విసుగు పుట్టించినవాళ్ల మీద. ఆ పుస్తకాన్ని బల్ల మీద పడేసి, వద్దన్న పిల్ల కోసమే లైబ్రరీ పాత బీరువాల్లో వేరే పుస్తకం వెతకడం మొదలుపెట్టాను.