మడమ మీద దిగు

ఒక్క మాట చెప్పి ఇన్నేండ్లు దాన్నే మోస్తాండాను. మడమ మీద దిగు. అంతే. ఇందులో ఏముందమ్మా, తిట్టు కాదు, శాపనార్థం కాదు, ఏ డ్రిల్లు టీచరు నోట్లోనైనా వచ్చే మాటే కదా అని మీరు అనొచ్చు. నేను గూడా అట్లనే అనుకుందామని శానా పాటుపడినా. కుదర్లేదు. గ్రౌండులో ఆడపిల్లకాయలు ఎగురుతాంటే నాకు పట్టరాని సంతోషం, ఈ వయసులో గూడా. ఆ సంతోషం మధ్యలో ఈ మాట వచ్చి అడ్డం పడతాది. ఈ పొద్దు మీకు చెప్పేస్తాను. నా పేరు మాత్రం అడగొద్దు.

రెడ్డెమ్మది చౌడేపల్లె పక్కన పల్లె. నాది పుంగనూరు. తొంభైల నడిమిలో ఇద్దరమూ మదనపల్లె కాలేజీలో చదివేవాళ్ళం. పొద్దున్నే అది పాలు పితికి, సంగటి ముద్ద తిని, తడి జుట్టుతోనే బస్సెక్కేది. పుంగనూరులో నేను ఎక్కేతలికి నాకు సీటు పట్టి పెట్టుండేది. అది పొట్టి, నేను పొడుగు. నేను దాన్ని పుంగనూరు ఆవా అనేదాన్ని, అది నన్ను కొంగా అనేది. బస్సంతా మా నగులే. కండక్టరు తిడితే ఇంగా ఎక్కువ నగేవాళ్ళం.

ట్రిపుల్ జంపు ఆడపిల్లలకు గూడా పెట్టింది ఆ కాలంలోనే. పరిగెత్తుకుంటా వచ్చి, ఒక కాలి మీద ఎగిరి, అదే కాలి మీద పడాల. పడీ పడకనే మళ్ళా ఎగిరి రెండో కాలి మీద పడాల. ఆ ఊపులోనే ఇసుకలోకి దుంకాల. నాకు పొడుగు కాళ్ళు కాబట్టి ఇది నా ఆటే అని మా డ్రిల్లు సారు అనుకున్నాడు, నేను అనుకున్నా, అంగట్లో కూర్చోని మా నాయన వచ్చిపోయేవాళ్ళందరికీ చెప్పేసినాడు. రెడ్డెమ్మ ఊరికే నాకు తోడు వచ్చింది గ్రౌండుకి. నా సంచి పట్టుకోని నిలబడి చూసి, "నేనొకతూరి దుంకేదా సార్?" అనింది.

దుంకింది. అమ్మమ్మా, ఏం చెప్పేది! మా సారు విజిల్ నోట్లో పెట్టుకోని ఊదేది మర్చిపోయినాడు.

దానికి చిన్నప్పట్నించి కోలాటం అలవాటు. కోలాటంలో ఎగిరి పడేటప్పుడు కాలు ముందరికి సాపకూడదు, సాపితే ఎదురుగా ఉండే మనిషి కాలికి తగుల్తాది. అందుకని పాదం వచ్చి సరిగ్గా నడుము కిందనే పడతాది, మోకాలు రవ్వంత వంగి, మెత్తగా. పడిన కాలే మళ్ళా నేలను వెనక్కి తోస్తాది. అది దుంకుతాంటే నేల దాన్ని ఆపేది కాదు, ముందరికి సాగనంపేది. లోపల్లోపల ఏదో తాళం గొణుక్కుంటా దుంకేది. మూడు ఎగుర్లూ ఒకే లెక్కన పడేవి. చూసేవాళ్ళకు గూడా ఒళ్ళు ఊగేది. నాకూ ఊగేది. అది ఎగిరితే నేను చప్పట్లు కొట్టేదాన్ని, నిజంగానే కొట్టేదాన్ని.

మరి నేనెట్ల దుంకేదాన్ని? కాలు బార్లా సాపి, మడమ నేలకేసి కొట్టి దిగేదాన్ని. కాలు ఎంత ముందర పడితే అంత దూరం కలిసొస్తాది కదా అని నా తెలివి. మా సారు తల పట్టుకున్నాడు. "మాయమ్మా, నువ్వు దుంకతాండావా, బ్రేకు ఏస్తాండావా?" అన్నాడు. కాలు ఒంటికి ముందర పడితే నేల మనల్ని వెనక్కి నెడతాదంట. పరిగెత్తి తెచ్చుకున్న వేగమంతా ఆ ఒక్క అడుగులో పోతాదంట. ఆ దెబ్బ మడమలోంచి మోకాలికి పాకతాదంట. ఆయన చెప్పేది నాకు ముందే తెలుసు, మడమ వాచి రోజూ ఉప్పునీళ్ళ కాపడం పెట్టుకుంటాంటిని. ఆ అలవాటు మానుకునేదానికి నాకు ప్రాణం పోయింది. మానుకున్నా. కానీ రెడ్డెమ్మ దాకా రాలేకపోయినా.

కుప్పంలో పోటీలు. గెలిచినామె ఒకతే పై పోటీలకు పోతాది. ముందురోజే పోయి ఆడ ఒక బడి గదుల్లో దిగినాం. సాయంత్రం గ్రౌండులో కాళ్ళు సాగదీసుకుంటా ఒకతూరి దుంకి చూసినాం. రెడ్డెమ్మ నన్ను దాటేసింది. అదేమీ కొత్త కాదు. అయితే ఆ పొద్దు చుట్టూ వేరే ఊర్ల పిల్లలు ఉండారు, సార్లు ఉండారు. అందరూ దాన్ని చూసి ఓ అని అరిచినారు. నేను గూడా చప్పట్లు కొట్టినా. కొడతానే లోపల ఏదో భగ్గుమనింది. మా నాయన అంగడి గుర్తొచ్చింది. ఎవురితో ఏమని చెప్పుకుంటాడు ఆయన? దాని పక్కన పోయి కూర్చున్నా.

"మే, నీ అడుగు చూసినా. కాలు నడుము కిందనే పడిపోతాండాది. ముందరికి ఇసిరి, మడమ మీద దిగు. కాలు ఎంత ముందర పడితే అంత కలిసొస్తాది," అన్నా.

"అట్లనా? పుస్తకంలో ఉండాదా?"

"ఉండాది."

"నువ్వు చెప్తే సరే మే," అనింది.

కాలేజీ లైబ్రరీలో ఈ ఆట మీద ఉండే ఇంగ్లీషు పుస్తకం నేను చదివినానని దానికి తెలుసు. దానికి ఇంగ్లీషు రాదని నాకు తెలుసు. నాతో మానిపించిన తప్పును ఒలిచి దాని చేతిలో పెట్టినా చూడండి. ఎవురైనా స్నేహితురాలికి పండు పెడతారు, పూలు పెడతారు. నేను పెట్టింది ఇది.

యాల చెప్పినా? దాని మీద నాకు కోపమా? లేదు. ద్వేషమా? దాని కోసం అయితే నేను ఎవురితోనైనా కొట్లాడేదాన్ని. మరి ఏంది? వేరే ఎవురన్నా నన్ను దాటుంటే నేను ఏడ్చి ఊరుకునుందునేమో. నా సంచి పట్టుకోని వచ్చిన మనిషి, ఊరికే సరదాకి దుంకిన మనిషి దాటితే ఓర్చుకోలేకపోయినానేమో. ఏమో. ఇట్ల తవ్వుకుంటా పోతే ఇదీ ఒక సాకు మాదిరే తయారవతాది. తెలిసే చెప్పినా, అది గట్టిగా తెలుసు.

మర్నాడు రెడ్డెమ్మ పరిగెత్తి వచ్చి కాలు ఇసిరింది. దబ్ మని మడమ. ఊపు చచ్చిపోయింది. ఇసుకకు వచ్చేతలికి దానిలో ఏమీ మిగల్లేదు. సరిగ్గా చెయ్యలేదేమో అని మళ్ళా ఇంగా గట్టిగా ఇసిరింది. మా సారు అవతల పక్క షాట్‌పుట్ దగ్గర ఉండాడు, చూడలేదు. నేను గెలిచినా. మీతో దాచేదేముంది, ఆ పొద్దు నాకు పట్టరాని సంతోషం. రెడ్డెమ్మ కుంటుకుంటా వచ్చి, అంత పొట్టిది నన్ను ఎత్తి గిర్రున తిప్పింది. "నా ఒంటికి ఇది రాదులే మే, నువ్వు చెప్పినట్టే చేసినా, నా కాళ్ళలోనే సత్తా లేదు," అని నగింది. తిరిగొచ్చేటప్పుడు బస్సులో దారి పొడుగునా కోలాటం పాటలు పాడింది. నేను గూడా పాడినా, గొంతు చించుకోని.

ఆ గెలుపుతో నాకు డ్రిల్లు టీచరు చదువులో సీటొచ్చింది. ఆడ ఒక పొద్దు క్లాసులో సారు బోర్డు మీద దుంకే మనిషి బొమ్మ గీసినాడు. పాదం నడుము కింద పడితే ఏమవతాది, ముందర పడితే ఏమవతాది, బాణం గుర్తులు వేసి చూపించినాడు. ఎవురైనా బాగా అర్థమైనవాళ్ళు చెప్పండి అంటే నేను లేచి గడగడా చెప్పినా. శభాష్ అన్నాడు. కూర్చున్నాక ఆ బొమ్మ మాత్రం నా పుస్తకంలోకి ఎక్కించుకోలేదు.

తర్వాత గుడుపల్లె పక్కన బడిలో ఉద్యోగం. రెడ్డెమ్మకు వాళ్ళ ఊరి పక్కనే పెండ్లయింది. ఆవులు, పాలు, పాలకోవా వ్యాపారం. కలుస్తానే ఉంటిమి, పెండ్లిండ్లలో, సంతలో. ఎప్పుడూ ఆ పొద్దు సంగతి దానికదే ఎత్తి నగేది. నేను మాట మార్చేసేదాన్ని.

ఇంగ రెండువేల సంవత్సరం దాటినాక, పుంగనూరులో బడిపిల్లల పోటీలు. నేను మా పిల్లల్ని తీసుకోని పోయినా. ఆడ చౌడేపల్లె పక్క నుంచి వచ్చిన ఆడపిల్లలు వరసగా ట్రిపుల్ జంపు దుంకుతాండారు.  అందరూ కాలు బార్లా సాపి, దబ్ దబ్ మని మడమల మీదే దిగుతాండారు. పక్కన కొంగు నడుముకు చుట్టి, "ఇసురు! ఇంగా ముందరికి! మడమ, మడమ!" అని రెడ్డెమ్మ అరస్తాండాది. ఊరి బడిలో డ్రిల్లు టీచరు లేకపోతే సాయంత్రాలు తనే పిల్లలకు నేర్పిస్తాండాదంట. జీతం లేదు, ఏమీ లేదు.

నన్ను చూసి ఒక్క పరుగున వచ్చి కావిలించుకుంది. పిల్లలందర్నీ పిలిచింది. "ఇదో, నేను రోజూ చెప్పే మేడం ఈమే. ఇదంతా ఈమె నాకు నేర్పిందే. నాకు కాళ్ళలో సత్తా లేక రాలేదు, మీకు వస్తాది," అనింది. గౌసియా అని ఒక పిల్ల, బక్కపల్చగా, కండ్లు మెరస్తా ఉండాది, నా కాళ్ళకు దండం పెట్టబోయింది. ఆ పిల్ల మోకాలికి గుడ్డ కట్టుండాది. వాపు.

అప్పుడన్నా నోరు తెరవాల కదా? తెరిచినా. "మే, ఇప్పుడు పద్ధతి మారిపోయిందిలే. కొత్త పుస్తకాల్లో వేరేగా ఉండాది. కాలు నడుము కిందనే పడాల," అన్నా. అబద్ధాన్ని ఇంగో అబద్ధంతో కప్పినా. పిల్లల మోకాళ్ళు కాపాడినా, నా పరువు గూడా కాపాడుకున్నా.

రెడ్డెమ్మ "అంటే కోలాటంలో పడినట్టా?" అని, చేతుల్తో తాళం ఎత్తుకుంది. పిల్లలకు ఇంగ చెప్పాల్సిన పని లేకపోయింది, అందరికీ కోలాటం వచ్చు. మా బడి పిల్లలు గూడా వచ్చి కలిసినారు. గ్రౌండంతా తాళమే. నొప్పి లేకుండా పడతాంటే గౌసియా మొకంలో ఆశ్చర్యం చూడాల మీరు! తన వంతు రాగానే పరిగెత్తింది, ఎగిరింది, తాకింది, తాకింది, పోయి ఇసుకలో ఎక్కడో దూరంగా పడింది. లేచి వెనక్కి తిరిగి, ఆడ నుంచి వచ్చింది నేనేనా అన్నట్టు చూసుకుంది. కేకలే కేకలు. నేను ఏడస్తాండానో నగతాండానో నాకే తెలీలేదు. అంత సంతోషం నా జన్మలో నేను గెలిచినప్పుడు గూడా లేదు.

ఆ కేకల మధ్యలోనే రెడ్డెమ్మ నా చెయ్యి పట్టుకుంది. నగు ఆగిపోయింది దానికి. "అయితే మే, నేను మొదట దుంకేది గూడా ఇట్లనే కదా. అది సరే అయ్యుండునా?" అనింది.

"ఏమోలే, అప్పుడు వేరే కాలం," అన్నా. సరే అన్నట్టు తలూపి నా నోట్లో పాలకోవా పెట్టింది. తిన్నా. అంత కష్టంగా ఇంగేదీ మింగలేదు.

అది ఏమనుకుంటాదో అనే భయం ఇప్పటికీ పోలేదు. తిడతాదేమో, నగతాదేమో. నగితేనే ఎక్కువ భయం నాకు. దాన్ని క్షమించమని అడిగే మొకం గూడా లేదు. కానీ అది అడిగిందానికి జవాబు నా దగ్గరే ఉండాది, ఇంగెవురి దగ్గరా లేదు. మీ ముందర రాసేస్తాను, ఎట్లన్నా దాని చెవిన పడనీ.

అవును రెడ్డెమ్మా. నువ్వు మొదట దుంకిందే సరి. ఏ పుస్తకమూ మారలేదు. తప్పని తెలిసే నీకు చెప్పినా. కుప్పంలో గెలవాల్సింది నువ్వు. హమ్మయ్య, రాసేసినా, చెయ్యి తేలికగా ఉండాది. ఇంగ నాతో మాట్లాడితే మాట్లాడు, లేకపోతే లేదు. ఆ ఆడపిల్లల ముందర మాత్రం, నా కాళ్ళలో సత్తా లేదు అని ఇంగెప్పుడూ అనొద్దు మే.