రగ్గుల సేటు గుట్టెక్కిన రోజు

మట్టెవాడలో ముప్పై ఏళ్లుగా రగ్గులు, స్వెటర్లు అమ్ముతున్న చంద్రమౌళికి, చలి సంగతి తనకన్నా తెలిసినవాడు వరంగల్‌లో లేడని గట్టి నమ్మకం. ఎవరైనా ఒక స్వెటర్ అడిగితే రెండు వేసుకోమనేవాడు. రెండు అడిగినవాళ్లను మెచ్చుకునేవాడు.

పోయిన డిసెంబరులో అతని తమ్ముడి కూతురు మానస, స్నేహితులతో కలిసి నర్సంపేట అవతలి గుట్ట మీద గుడారాలు వేసుకుని ఉండడానికి బయలుదేరింది.

"నువ్వు సుత రా పెద్దనాన్నా. దుకాణం దాటి ఏడికీ పోవు" అంది.

చంద్రమౌళి తెచ్చుకున్నవన్నీ ఒంటి మీదే వేసుకున్నాడు. రెండు స్వెటర్లు, పైన కోటు, మంకీ క్యాపు, మెడకు మఫ్లరు. చేతులు కిందికి దిగక, రెక్కలు చాచిన కోడిలా జీపెక్కాడు. సంచిలో రగ్గు ఒక్కటే ఉంది.

గుట్ట సగం ఎక్కేసరికి ముక్కు చివర నుంచి చెమట కారుతోంది.

"ఒకటన్న ఇడువు పెద్దనాన్నా, తడిసిపోతానవు."

"చెమట పట్టిందంటె వేడి పుట్టినట్టే బిడ్డా. ఫికర్ చెయ్యకు."

పైకి చేరాక పొద్దు గూకింది, గాలి మొదలైంది. తడిసిన బనీను వీపుకు మంచుగడ్డలా అతుక్కుంది. ఆ తడి బట్టల మీదే రగ్గు కప్పుకున్నాడు. అదీ చెమ్మగిల్లింది. పళ్లు టకటకా కొట్టుకోసాగాయి.

అక్కడే గుడిసె వేసుకుని మేకలు కాసే యాకమ్మ అతన్ని చూసి ఆగింది. "ఏంది సేటు, గిట్ల వణుకుతానవు? ముందుగాల గా బట్టలిప్పు."

"గింత చలిల ఇప్పుమంటవేందవ్వా!"

"తడిబట్టనే నిన్ను చంపుతాంది."

మార్చుకోవడానికి ఏమీ లేవు. పిల్లల బట్టలు అతని పొట్ట దగ్గరే ఆగిపోయాయి. చివరికి యాకమ్మ తన ఉతికిన ఎర్రచీర తెచ్చి, ఒళ్లంతా చుట్టించి, కింద మందంగా వరిగడ్డి పరిచింది.

"పైన ఎన్ని కప్పుకుంటె ఏం ఫాయిదా? చలి భూమికెల్లి ఎక్కుతది" అంటూ వేడి జొన్న గటక తినిపించింది. పిల్లల భోజనాలు ముగియకముందే చంద్రమౌళి గురక వినిపించింది.

తెల్లారి మానస పెట్టిన ఫొటో చూసి భార్య సుభాషిణి ఫోన్ చేసింది. "గా చీరె ఎవరిది?"

"ఒక అవ్వది. డెబ్బై ఏండ్లుంటయి. మస్తు వెచ్చగున్నది."

"నా చీరెను ఏనాడన్న మెచ్చుకున్నవా?"

తర్వాతి వారం ఇస్త్రీ చేయించిన యాకమ్మ చీర, దుకాణంలోకెల్లా మందమైన రగ్గు పట్టుకుని భార్యాభర్తలిద్దరూ గుట్టకు వెళ్లారు. యాకమ్మ రగ్గును చేత్తో తడిమి మురిసిపోయింది. నేరుగా తీసుకెళ్లి, ముందురోజు పుట్టిన రెండు మేకపిల్లల మీద కప్పింది.

చంద్రమౌళి మొహం చిన్నబోయింది. మేకపిల్లల దగ్గరికి వంగి చూశాడు. ఇక ఉండబట్టలేక, "జర పైకి జరుపవ్వా, చెవులు బయటున్నయి" అన్నాడు.