పెద్దాయన ఫైలు

ఎనభైల చివర్లో తిరుపతిలో మా కంప్యూటర్ గదిలోకి వెళ్లాలంటే చెప్పులు బయట విడవాలి. ఏసీ చలికి కొంగు కప్పుకుని, గుళ్లోకి వెళ్లినట్టే వెళ్లేవాళ్లం. నేనప్పుడు పరిశోధక విద్యార్థినిని. నా పక్క టెర్మినల్ దగ్గర కూర్చునే అక్క చిత్తూరు దగ్గర ఒక పల్లెకు కోడలు. పెళ్లయ్యాక కూడా ఆమెను చదువుకు పంపింది మామగారే. ఆమె పరిశోధన ఊరి బావుల్లో నీటిమట్టం మీద. కొలిచిందీ ఆయనే. పొద్దున్నే తాడుకు రాయి కట్టి బావిలోకి వదిలి, నీళ్లు తగిలేదాకా ఎన్ని మూరలో చెప్పేవారట.

చిక్కల్లా పేరుతో వచ్చింది. ఫైలుకు ఊరి పేరే పెట్టాలని మా సారు నియమం. ఊరి దేవుడి పేరే ఊరికీ, మామగారికీ. మామ పేరు కోడలు నోట పలకకూడదు. అక్కకు ఆ పేరు వేళ్లతో కొట్టడానికీ మనసొప్పేది కాదు. ఫైలు తెరవాల్సిన ప్రతిసారీ నన్ను పిలిచి కొట్టించుకునేది. నాకు నవ్వూ వచ్చేది, విసుగూ వచ్చేది.

ఇది గమనించి సారు ఒకరోజు ‘ఎల్ ఎన్’ అనే ఆదేశం నేర్పారు. ఉన్న ఫైలుకే అది ఇంకో పేరు పెడుతుంది.

“తాత పేరు పెట్టిన పిల్లోడిని తల్లి ఇంకో పేరుతో పిలస్తాది గదమ్మా. పేర్లు రెండు, పిల్లోడు ఒకడే” అన్నారు.

అదే ఆదేశం పక్కన చిన్న గీత, ‘ఎస్’ చేరిస్తే మాత్రం వచ్చేది ఉత్త దారి చూపే పేరు. ఫలానా వాళ్ల ఇల్లు యాడ అంటే చేయి చూపించే మనిషి లాంటిదన్నమాట. ఇల్లు కూలిపోయినా ఆ చేయి అటే చూపిస్తుంది, వెళ్తే అక్కడ ఏమీ ఉండదు. రెండు రకాలూ ఆ పూటే చేసి చూశాం. చివరికి అక్క ఫైలుకు సారు ‘పెద్దాయన’ అని ఇంకో పేరు తగిలించారు. ఇంట్లో ఆమె మామను అలాగే అనేది.

ఆ వానాకాలం ఆయన పోయారు. ఇల్లు కురిసి కొలతల కాగితాలు ముద్దయిపోయాయి. నకలు తీసే టేపు యంత్రమేమో ఎప్పుడో మూలన పడింది. ఆయన కొలిచిన బావులన్నీ ఇక ఆ ఒక్క ఫైలులోనే ఉన్నాయి. పోయిన ఏటి నీళ్లను మళ్లీ ఎవరు కొలుస్తారు?

కర్మంతరం అయ్యాక అక్క తిరిగొచ్చింది. డిస్కు నిండిపోయిందని, చిత్తు ఫైళ్లు తీసేయమని చెప్పి సారు ఆ రోజు అలిపిరి నుంచి నడిచి కొండెక్కారు. అక్క చిత్తు ఫైళ్లన్నిటికీ ఊరి పేరే, చివర అంకెలు. పోయిన మనిషి పేరు కొట్టలేక, నన్ను పిలవడానికి మొహమాటపడి, చెరిపేసే ఆదేశం పక్కన మొదటి అక్షరం, దాని వెనక నక్షత్రం గుర్తు పెట్టింది. అలా పెడితే ఆ అక్షరంతో మొదలయ్యేవన్నీ పోతాయి. చిత్తువీ పోయాయి, అసలుదీ పోయింది.

జాబితాలో ‘పెద్దాయన’ ఒక్కటే మిగిలింది. అది నిజంగా రెండో పేరో, చేయి చూపించే మనిషో మా ఇద్దరికీ గుర్తులేదు.

“నువ్వు తెరువు పాపా, నాకు చేతులాడల్లేదు” అంది అక్క.

తెరిచాను. తెర మీద ఆకుపచ్చ అంకెలు బారులు తీరాయి. ఒక్కో బావి, ఒక్కో వారం, ఏదీ పోలేదు. నా చదువంతటిలో అంత అబ్బురం నాకెప్పుడూ కలగలేదు. అసలనుకున్న పేరును తుడిచేసినా లోపలిది చెక్కుచెదరలేదు. అసలూ నకలూ అనేవే అక్కడ లేవు. ఏ పేరు ముందు పెట్టామో యంత్రానికి పట్టదు, పిలవడానికి ఒక్క పేరు మిగిలితే చాలు. సారు కొండెక్కితే దర్శనం మాకయింది.

పాత పేరు మళ్లీ చేరుద్దామని నేను కీబోర్డు మీద చేయి వేయబోతే అక్క ఆపింది.

“పెద్దాయన ఒక్క పేరు మీదనే ఉండాడు పాపా. రెండోది నేనే పెడతా.”

‘ఎల్ ఎన్’ కొట్టింది, ‘పెద్దాయన’ కొట్టింది. ఆ తర్వాత ఒక్కో అక్షరం వెతుక్కుంటూ మామ పేరు కొట్టింది. కొడుతూ ఆ పేరు మెల్లగా పైకే పలికింది. ఆమె నోట అది నేను వినడం అదే మొదటిసారి.