రైలెక్కిన ముక్కు లారీ

ఒలే రూతూ, ఇలగొచ్చి కూకో. ఆ కాలు ఊపడం ఆపు. సరిగ్గా ఇని, నేను సెప్పింది సెప్పినట్టు రాయి. నీ బొమ్మ బళ్ళోళ్ళ గ్రూపులో పెడతానన్నావు కదా, మజ్జిలో నీ సొంతం కలపకు. వాళ్ళల్లో ఎవరికైనా అరకు ఎల్లాలనిపిస్తే పనికొత్తాది.

ముందు లారీ సంగతి రాయి. నేను ఎల్లింది లారీ కోసం గాని కొండలు సూడ్డానికి కాదు. మా యాకోబన్నియ్యకి ముక్కు లారీ ఉండీది. ముందుకి పొడుసుకొచ్చిన ముక్కు, పచ్చ రంగు, సెక్క బాడీ. అరకు కొండల్లోంచి కాఫీ బస్తాలు, సీపురు కట్టలు ఏసుకుని ఘాటీ దిగి మన ఎస్‌.కోట తెచ్చీవోడు. కాలిరిగినప్పుడు లారీని మన పెరట్లో పెట్టీసి, "మార్తా, నా కాలు కుదిరేదాకా సూసుకో" అని ఎల్లిపోనాడు. కాలు కుదిరింది గాని డాక్టరు బండి తోలొద్దన్నాడు. నాలుగేళ్ళు అలగే ఉన్నాది. కోళ్ళు దాన్లో గుడ్లు పెట్టీవి. ఆ మీదట మనం గది కట్టుకోవాలొచ్చి, నేను అన్నియ్యకి మాటైనా సెప్పకండా పాత ఇనుప సామాన్లోడికి ఇచ్చీసినాను. ముక్కలుగా కోసి పట్టుకుపోనాడు. తరవాత అన్నియ్య వచ్చి సూత్తే నేల మీద నూనె మరక ఒక్కటే ఉన్నాది. మంచినీళ్ళు తాగి ఎల్లిపోనాడు. ఎనిమిదేళ్ళు మల్ల నా గడప తొక్కనేదు. క్రిస్మస్‌కి ఫోను సేత్తాడు, "బాగున్నావా" అంటాడు, అంతే.

అందుకే కదే నువ్వూ నేనూ మూణ్ణెల్లు కూకుని ఆ లారీ బొమ్మని కట్టినాం. నిజం లారీలో ఇరవయ్యో వంతు. బాడీకి మామిడిపళ్ళ పెట్టె సెక్క, పైన కప్పడానికి పాత గొడుగు గుడ్డ. ముందు తుప్పు రంగేసి, తడి మీద ఉప్పు సల్లి, దాని మీద పచ్చ రంగు కొట్టి, ఆరేక ఉప్పు రాల్చీసినావు. రంగు పెచ్చులూడినట్టు వచ్చీసింది. ఉప్పు కూరలోకే అనుకున్నాను నేను ఇన్నాళ్ళూ! తుప్పు కారిన సారలు నువ్వు గీసినావు, దుమ్ము నేనద్దినాను. "అమ్మమ్మా, వార్నీసు కొట్టాలి, లేపోతే దుమ్ము నిలవదు, రెండ్రోజులాగు" అన్నావు. నేనాగనేదు. అది నా తప్పే, రాసీ.

అరకు కాడున్న అన్నియ్యకి ఇచ్చీద్దామని పొద్దున్న ఏడున్నరకే టేసనుకి ఎల్లిపోనాను. వైజాగు నుంచొచ్చే కిరండోల్ పాసింజరు ఎనిమిదయ్యేసరికి వచ్చింది. టిక్కెట్టు ఏభై లోపే. ఆదివారాలు ఎల్లకండి, కాలు పెట్టడానికి సోటుండదు అని రాయి. మామూలు రోజు కాబట్టి నాకు కిటికీ దొరికింది. లారీని బిస్కట్ల అట్టపెట్టెలో పెట్టి, తాడు దూర్చడానికి కన్నాలు పొడిసినావు కదా. ఎదురుగా పనస తొనలమ్మే ఆవిడ ఆ కన్నాల్లోకి తొంగి సూసింది.

"కోడిపిల్లలేటమ్మా?"

"లారీ."

"లారీని రైలెక్కించినావా! రోడ్డు నేదేటి?" అని బోగీ అంతా ఇనేలగ నవ్వింది. నాకూ నవ్వొచ్చి తీసి సూపించినాను. ఆవిడ బాడీ మీద ఏలు రాసి, అంటుకున్న దుమ్ము సూసుకుని, "తుడవనేదేటి పాపం" అంది. నాకప్పుడే బుద్ధి రావాల.

శివలింగపురం దాటేక సొరంగాలు మొదలు. సీకటి పడినప్పుడల్లా పిల్లలు కేకలెడతారు. బొర్రా కాడ బండాగితే ఏడేడి వడలు తిన్నాను. అరకులో దిగేసరికి పదకొండు. టేసను బయట సుంకరమెట్ట ఆటోలుంటాయి, మనిషికెంతో ముందే అడిగి ఎక్కమను. సుంకరమెట్ట కాడ దిగి, కాఫీ మొక్కల మజ్జినుంచి పావుగంట నడిత్తే అన్నియ్య ఇల్లు.

అన్నియ్య తోటకెల్లినాడు. వదిన ఒక్కర్తే ఉన్నాది, ఆవిడ పుట్టింది ఆ ఊళ్ళోనే. పెట్టె ఇప్పి సూసి మురిసిపోయి, నాకు సామన్నం, రాజ్మా కూర పెట్టింది. తిని నులకమంచమ్మీద అలగ ఒరిగినాను, కన్నంటుకుపోయింది.

లేచి సూత్తే లారీ నేదు. వాకిట్లో కాఫీ గింజలు ఆరబోసిన సోట, గింజల మజ్జిన, నీళ్ళు కారతా ఎండలో ఉన్నాది. సబ్బెట్టి తోమీసింది! పళ్ళు తోముకునే బ్రష్షుతో సక్రాల సందులు కూడా. ముక్కు మీద బంతిపూల దండ.

"ఎంత పని సేసినావు వదినా!"

"కొత్త బండి వత్తే సర్చికి పట్టుకెల్లి పాస్టరుగారి సేత ప్రార్థన సేయించమేటి? ఆ మట్టితో పెబువు కాడికి ఎలగ తీసుకెల్తాం?"

ఆవిణ్ణేటంటాం? అక్కడ బండి కొన్నోడెవడైనా కడిగి, దండేసి సర్చికి తేవాల్సిందే. ఉప్పుతో తెచ్చిన పెచ్చులొక్కటే మిగిలినాయి. మన మూణ్ణెల్ల మురికి పావుగంటలో పోయింది.

సరిగ్గా అప్పుడే వచ్చినాడు అన్నియ్య. "ఎప్పుడొచ్చినావే" అని, లారీ కాడ ఆగిపోనాడు. వంగి, దండ తీసి పక్కనెట్టి, అటూ ఇటూ తిప్పి సూసినాడు.

"ఇది నా బండి కాదు."

ముక్కు మీద ఏలు రాసి, ఆ ఏలు సూసుకున్నాడు.

"నా బండి ఎప్పుడైనా ఇంత సుబ్బరంగా ఉన్నాదేటి? ఇది పెళ్ళికూతురు."

ఏడుపాగక జరిగిందంతా సెప్పీసినాను. వదిన మొకం వాడిపోయింది. అన్నియ్య ఎడమ మడ్గార్డు తడివినాడు. అక్కడ సొట్ట పెట్టినాం కదే, అనంతగిరి కాడ రాయికి గుద్దినది.

"ఇది గుర్తుందేటి నీకు?"

"పక్క సీట్లో నేనే కదా ఉన్నాను. గుద్దీసి, 'అయ్యకి సెప్పకే' అన్నావు."

"సెప్పీసినావు కూడాను," అని నవ్వినాడు. "కూకో. మట్టి తెత్తాను."

రోడ్డు పక్క ఎర్రమట్టి తువ్వాల్లో తెచ్చి, జల్లించి, ఏలితో అద్దడం మొదలెట్టినాడు. "మట్టి సక్రాల ఎనక కొడతాది గాని ముందు కొట్టదే. డీజిలు మూత కింద నల్ల సార ఉండాల. ఒలే, కుండ అడుగు మసి తే!" వదిన మసి తెచ్చింది, బస్తాల మరకలకని కాఫీ డికాషను కూడా తెచ్చింది. అన్నియ్య డ్రైవరు తలుపు పై అంచుని గోటితో గీకుతున్నాడు.

"ఏటి సేత్తన్నావన్నియ్యా, రంగు పోతంది!"

"పోవాల. ఇక్కడ నా మోచెయ్యి ఉండీది."

పక్క సీట్లో కూకున్నదాన్ని, ఆ తలుపు పైన రంగరిగిపోనాదని నాకెలగ తెలుత్తాది రూతూ?

నా వైపు సూడకండా, గీకుతానే అన్నాడు: "అమ్మీసినావని కాదే మార్తా. ఒక్క మాట సెప్పుంటే, ఆకరికి ఒకపాలి నేనే స్టార్టు సేసి, ఆ ఇనుపోడి కొట్టుదాకా నేనే తోలుకెల్లీవోణ్ణి."

"వద్దంటావని బయ్యమేసింది."

"వద్దనీవోణ్ణే. అయినా సెప్పాల."

"సెప్పాల," అన్నాను.

పొద్దు గూకేదాకా ముగ్గురం మసి సేతులతో కూకున్నాం. మర్నాడు పాస్టరుగారు ఆ మట్టితోనే, ఆ దండతోనే ప్రార్థన సేసినారు. వదిన మొకం అప్పుడు విచ్చుకుంది. "నీకోసమే తెచ్చినాను, నీ కాడే ఉంచుకో" అన్నాను అన్నియ్యతో. "నీ పెరట్లో పెట్టిన బండి, ఇక్కడెందుకుంటాది? నేనే వచ్చి పెడతాను," అని సంచీ సర్దీసినాడు.

సాయంత్రం నాలుగున్నరకి అరకులో తిరుగు బండి. లారీని పెట్టెలో పెట్టనివ్వనేదు, ఒళ్ళో పెట్టుకున్నాడు. రైలు కొండ దిగుతుంటే కుడి కాలు నొక్కుతానే ఉన్నాడు. టీ అమ్మీవోడు సూసి, "తాతా, కాలు నొప్పేటి?" అన్నాడు. "బ్రేకు బాబూ. ఘాటీ దిగుతున్నాం కదా," అన్నాడు మీ పెద్దతాత. అరకు ఎలగున్నాదని ఎవరైనా అడిగితే ఇదే సెప్తాను. రెండు రోజులున్నాను, సూసింది దోసెడు మట్టి, దానికే కడుపు నిండిపోనాది.

ఇక్కడ ఆ నూనె మరక మీదే కదా గది లేసింది. ఆ గది కిటికీలో, ముక్కు ఈది వైపు తిప్పి పెట్టినాడు. ఇప్పుడైనా వార్నీసు కొడదామా అని నువ్వడిగితే వద్దన్నాడు, అది కూడా రాయి. దుమ్ము రాలిపోతే రాలిపోనీ, కొండమట్టి పట్టుకుని మల్ల తనే—

"మార్తా! సేపల పులుసు సల్లారిపోతంది, బేగి రాయే! ఆ రూతు గుంటని కూడా తే!"

వత్తన్నానన్నియ్యా!