మామగారితో ఎడారి దాకా

మొన్న రావులపాలెం దగ్గర పెట్రోలు బంకులో ఆగినప్పుడు, మోటార్ సైకిళ్ళకు రెండు వైపులా సంచులు బిగించుకున్న నలుగురు కుర్రాళ్ళు కనబడ్డారు. ఎక్కడికి బాబూ అంటే లడఖ్ అన్నారు. వాళ్ళు దుమ్ము లేపుకుంటూ వెళ్ళిపోయాక కూడా నేను ఆ రోడ్డు వైపే చూస్తూ నిలబడిపోయాను, వెనక కారతను హారన్ కొట్టేదాకా.

మన తరం వాళ్ళకి గుర్తుండే ఉంటుంది, తొంభైల్లో మోటార్ సైకిలంటే ముందు ఒక పిల్ల, వెనక ఇల్లాలు, హ్యాండిలుకి కూరల సంచి. అలాంటి బండి మీద రాజమండ్రి నుంచి జైసల్మేర్ వెళ్ళి, పడమటి సముద్రం పక్కనుంచి తిరిగి రావాలని నాకూ మా ఆఫీసు స్నేహితుడికీ పెళ్ళిళ్ళు కాకముందు నుంచీ ఒక పిచ్చి. తీరా సెలవులు మంజూరయ్యాక అతనికి బదిలీ అయింది. నేను మొహం వేలాడేసుకుని కూర్చుంటే మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి, మా నాన్నని తీసుకెళ్ళండి అంది.

మామగారిది కోనసీమలో సముద్రానికి దగ్గర ఊరు. పెద్ద తుఫానులో ఆయన కొబ్బరితోట మొత్తం నేలకూలింది. ఆ చలికాలమే అత్తగారు జ్వరం పట్టి పోయారు. అప్పటినుంచీ ఆయన మా ఇంట్లోనే ఉంటున్నా, ఉన్నట్టు తెలిసేది కాదు. కొళాయి కింద బిందె నిండుతున్న చప్పుడు వినబడితే చాలు, లేచి వీధిలోకి వెళ్ళిపోయేవారు. గోదావరి గట్టు మా ఇంటికి నాలుగు వీధుల అవతల ఉన్నా ఒక్కసారీ అటు వెళ్ళలేదు. పుట్టినప్పటినుంచీ నీళ్ళ మధ్య బతికిన మనిషి.

ప్రయాణం సంగతి చెబితే ఆయన, "అక్కడ నీళ్ళు ఉండవాండి?" అని అడిగారు.

"ఉండవండి. ఎటు చూసినా ఇసుకే."

"అయితే వస్తానండి."

జన్మలో మొదటిసారి ఆయన ప్యాంటు కుట్టించుకున్నారు. మన ఇళ్ళలో మామా అల్లుళ్ళ సంగతి తెలిసిందే కదా, ఒకరి ముందు ఒకరు కాలు మీద కాలు వేసుకుని కూర్చోని రోజులవి. ఆయన నా భుజం పట్టుకోకుండా, వెనక ఇనప కడ్డీని రెండు చేతులా పట్టుకుని, మా ఇద్దరి మధ్యా ఒక మనిషి పట్టేంత జాగా వదిలి కూర్చున్నారు. మారేడుమిల్లి ఘాటీ మలుపుల్లో ఎక్కడ జారిపోతారోనని నా ప్రాణం గిలగిల్లాడింది.

భద్రాచలం దాటి, నాగపూర్ మీదుగా టేకు అడవుల్లోంచి ఉత్తరానికి పోతూ ఉంటే రోజులు కలిసిపోయాయి. ఆకులు రాలిన కొండలు, పొద్దున్నే పొగమంచులో గంటల చప్పుడు మాత్రమే వినబడే పశువుల మందలు, మా భాష రాని ఊళ్ళలో మట్టి ముంతల్లో టీ. మాటలేమీ ఉండేవి కావు. అప్పుడప్పుడూ నా వీపు మీద వేలితో తట్టేవారు. బండి ఆపితే దిగి, పొలం గట్టున గుప్పెడు మట్టి తీసి నలిపి, వాసన చూసి, "నల్లరేగడండి, పత్తికి బాగుంటుంది" అనో, "ఇది వట్టి గరప నేలండి, ఏమీ పండదు పాపం" అనో చెప్పి మళ్ళీ ఎక్కేవారు. అలా మట్టి రంగులు మారుతూ మారుతూ, ఆరావళి కొండలు దాటాక ఒకరోజు మట్టే లేకుండా పోయింది.

జైసల్మేర్ అవతల ఆ ఇసుక చూసి ఆయన తువ్వాలు దులిపి నేలమీద పరుచుకుని కూర్చున్నారు. గాలి తిన్నెల అంచుల్ని కొంచెం కొంచెంగా తినేస్తోంది. ఎంతసేపు కూర్చున్నామో తెలియదు. తిరిగి వస్తుంటే బండి గొలుసు తెగింది. దగ్గరలో ఉన్న ఒకే ఒక గుడిసె నీడన బండి పెట్టి నేను బాగుచేస్తూ ఉంటే, లోపలినుంచి ఒక ముసలామె ఇత్తడి చెంబుతో నీళ్ళు తెచ్చి మామగారికి ఇచ్చింది. ఆ నీళ్ళు ఎంత దూరం నుంచి మోసుకొచ్చిందో ఆమె చెయ్యి చాచి చూపించింది. అటువైపు మాకేమీ కనబడలేదు.

ఆయన చెంబు రెండు చేతులా పట్టుకుని, తాగకుండా అందులోకి చూశారు. తర్వాత తెలుగులో ఆమెతో మాట్లాడడం మొదలుపెట్టారు.

"మా ఊళ్ళో నీళ్ళు ఇంట్లోకొచ్చేశాయమ్మా. అటకెక్కి కూర్చున్నాం ఇద్దరం. తెల్లారేదాకా నా తువ్వాలు కొస వదల్లేదమ్మా మా ఆవిడ. చెట్లు ఒక్కోటీ పడుతుంటే పేర్లు చెప్పేది. ఇది మా అమ్మ పాతింది, ఇది అమ్మాయి పుట్టినప్పుడు పెట్టింది అని. నేనే, ఊరుకోవే అన్నాను."

ఇంట్లో కూతురికీ చెప్పని మాటలవి. నేను గొలుసు చేతిలో పట్టుకుని తల ఎత్తలేదు. ఆమెకి ఒక్క ముక్కా అర్థం కాలేదు, కానీ లేచి వెళ్ళనూ లేదు. ఆయన ఏడ్చి ఊరుకునేదాకా ఎదురుగా కూర్చుని, ఆయన తాగాక చెంబు మళ్ళీ నింపి తెచ్చింది. ఈసారి ఆయన ఒక్క చుక్క కింద పడకుండా తాగి, ఆమె కాళ్ళకు దణ్ణం పెట్టారు.

గుజరాత్ దాటి కొంకణం దారి పట్టాం. ఎర్రమట్టి కొండ ఎక్కి ఒక మలుపు తిరిగేసరికి కింద సముద్రం. నేను భయపడి వేగం పెంచబోతే వీపు మీద వేలు తగిలింది.

"ఆపండి అల్లుడుగారూ."

కొండ దిగి ఒడ్డుకు చేరాక, ప్యాంటు పైకి మడుచుకుని నీళ్ళలోకి మోకాళ్ళ లోతు దాకా దిగారు. నేను చెప్పులతోనే వెనక పరిగెత్తాను. ఆయన దోసిలితో నీళ్ళు నెత్తిన చల్లుకుని, "ఇటుపక్క సముద్రం నెమ్మదిదండి" అన్నారు. మళ్ళీ దోసిలి నింపుకుంటూ, "మీ అత్తగారు చూసుంటే బాగుండేదండి" అన్నారు.

ఆ సాయంత్రం కనుమ ఎక్కుతుంటే వీపు మీద బరువు తెలిసింది. మామగారు నా భుజం మీద తల ఆనించి నిద్రపోతున్నారు. లారీలన్నీ నన్ను దాటి వెళ్ళిపోతున్నా, మెలకువ వస్తుందేమోనని నేను సైకిలు వేగంతోనే నడిపాను.

ఆ వేసవిలోనే ఆయన ఊరికి వెళ్ళి కొబ్బరి మొక్కలు నాటించారు. మొదటి కాపు కళ్ళారా చూసి, నాలుగు ఇళ్ళకు పంచి, ఆ తర్వాతే పోయారు.

ఇప్పుడు నాకూ ఒక అల్లుడున్నాడు. బంగారంలాంటి పిల్లాడు. నన్ను అంకుల్ అంటాడు, భుజం మీద చెయ్యేసి ఫోటో దిగుతాడు, నా పక్కనే సోఫాలో పడుకుని టీవీ చూస్తాడు. ఆ చనువు నాకు ఇష్టమే, మా రోజుల్లో లేనిదే. ఎక్కడికెళ్ళినా విమానం టిక్కెట్లు తనే తీస్తాడు, కాఫీ తాగి కబుర్లు చెప్పుకునేలోగా దిగిపోతాం. ఒకరి బరువు ఒకరికి తెలిసేంత పొడుగు దారి మాత్రం మా ఇద్దరికీ ఇంకా దొరకలేదు.