బాబాయి ఫోను మూగబోయిన వేళ

ఇరవై దాటిన కొత్తలో మనం చేసే ఏ పనీ మనకు తప్పనిపించదు. కంప్యూటర్ కోర్సు పూర్తిచేసినవాడికైతే అసలే అనిపించదు. పత్రికలో చేరకముందు నేను నరసరావుపేటలో ఓ సాఫ్ట్‌వేర్ షాపు నడిపాను (షాపంటే నేనూ, ఒక ఫ్యానూ). మా బాబాయి ఊరవతల మిర్చి కోల్డ్ స్టోరేజీలో మిషన్ ఆపరేటర్. గదుల్లో చలిని కనిపెట్టి చూస్తూ ఫోన్లకు మెసేజీలు పంపే ప్రోగ్రాం రాసే పని ఆయన మాట సాయంతోనే నాకు దొరికింది.

ప్రోగ్రాం తనకు ఎదురైనవన్నీ లాగ్ అనే చిట్టాలో రాసుకుంటుంది. తలుపు తీస్తే ఇన్ఫో, చలి కాస్త తగ్గితే వార్నింగ్, ప్రమాదం దాకా వస్తే ఎర్రర్. ఏ స్థాయి నుంచి ఫోనుకు పంపాలో మనమే పెట్టాలి. నేను ఇన్ఫో నుంచే పెట్టాను. బాబాయి పొంగిపోయి ప్రతి మెసేజీనీ బస్తాలు మోసే ముఠా కూలీలకు చదివి వినిపించేవాడు. ఓనరు మాత్రం పెళ్లిపందిట్లోంచి ఫోన్ చేసి, "ఏందయ్యా, తలుపు తీశారని చెప్పడానికి నా పానం తీస్తావా?" అన్నాడు. వెంటనే అందరికీ ఎర్రర్ స్థాయికి మార్చేశాను, ప్రమాదమైతే తప్ప ఫోను మోగకుండా. బాబాయికి చెప్పాలని తోచలేదు.

చలి పుట్టించే కంప్రెషర్ రొద పక్కన ఏళ్లు గడిపినవాళ్లకు చప్పుడే ధైర్యం. అది ఆగితేనే గుండె గుభేలుమంటుంది. ఫోను మూగబోయేసరికి గదుల్లో ఏదో ఆగిపోయిందనుకున్నాడు బాబాయి. మండుటెండలో గదుల తలుపులన్నీ బార్లా తీయించి, బస్తాలు తడిమి చూశాడు. లోపలి చలి కాస్తా పోయింది. అప్పుడొచ్చాయి ఎర్రర్లు, వరసపెట్టి. ఓనరు పరుగెత్తుకొచ్చాడు.

"ఎవడ్రా తలుపులు తీసింది?"

"ఫోను పలకట్లేదయ్యా. ఏందోనని..."

సరుకుకేమీ కాలేదు. అందరం పడీ పడీ నవ్వాం (నేను మరీ ఎక్కువగా). ఓనరు కూడా నవ్వుతూనే, "మిషనే చూసుకుంటుంటే మధ్యలో నువ్వెందుకయ్యా, చెడగొట్టడానికి?" అన్నాడు. సీజన్ అయ్యాక బాబాయిని పనిలోంచి తీసేశారు.

నిజానికి ఎవరి ఫోనుకు వాళ్ల స్థాయి పెట్టొచ్చు. ఓనరుకు ఎర్రర్, బాబాయికి ఇన్ఫో. ఒక్క లైను పని. అది తోచేసరికి ఆయన పిడుగురాళ్లలో సున్నపు బట్టీ దగ్గర కుదురుకున్నాడు.

మొన్న వార్త పని మీద అటు వెళ్తే టీ ఇప్పించి అడిగాడు: "ఒరేయ్, మన ప్రోగ్రాం ఇంకా మెసేజీలు పంపుతుందా?"

"ఎప్పుడో ఒకటంట బాబాయ్. చానా నిశ్శబ్దంగా ఉంటందంట."

ఆయన గ్లాసు కింద పెట్టేశాడు. "అయితే ఒకసారి ఎల్లి చూసి రారాదురా?"

నవ్వొచ్చింది. నిశ్శబ్దంగా ఉంటే బాగున్నట్టేనని ఈసారీ చెప్పకుండానే సరేనన్నాను.