నిలబడి వేసే ముగ్గు

మా ఎదురింటి బాబాయి మొన్న శుక్రవారం తెల్లవారి నమాజు చదివి, కూర్చున్న చోటే ఒరిగిపోయారు. అమ్మ కళ్లాపి చల్లుతుండగా పిన్ని ఏడుపు వినిపించింది. ఆ పూట మా ఇంటి ముందు ముగ్గు పడలేదు. ఎదురింట్లో మనిషి పోతే మా వీధిలో ఎవరూ ముగ్గు వేయరు.

ఆయనది రేకు పని. తిరువూరు బజారుకి వచ్చే వాళ్ళు ఆయన చేసిన గరాటు ఒక్కటైనా కొనే ఉంటారు. వాళ్ళ గుమ్మం ముందు ముగ్గు వేసే ఆచారం లేదు. అయినా నిరుడు నడుం పట్టేసి అమ్మ ముగ్గు మానేస్తే, మాకన్నా ముందు గమనించింది ఆయనే.

"వాకిలి బోసిపోయింది చెల్లెమ్మా. నిలబడి వేసుకునేది ఒకటి చేస్తానుండు," అన్నారు.

గరాటుకి నీళ్ళ పైపు ముక్క అతికించి తెచ్చారు. ముగ్గుపిండి ఒక్కసారే కుప్పగా పడింది. కింద మూత పెట్టి, నొక్కితే అది తెరుచుకునేలా పైన పిడికి తీగ కట్టారు. చుక్కలు కుదిరాయి కానీ గీత తెగిపోయేది. "కొలతలు తర్వాత, ముందు నువ్వు నడువు," అంటూ అమ్మని ఉత్త చేతులతో వాకిట్లో తిప్పి, వెనకాలే తనూ తిరిగేవారు. "ఏంటి బాబాయ్, పెరేడా?" అని ఎవరైనా ఆటపట్టిస్తే, "నువ్వూ రా, వరసలో నిలబడు," అనేవారు.

గీత కుదిరాక అసలు తప్పు బయటపడింది. గొట్టాన్ని ముందుకు తోసుకుంటూ నడిచేలా చేశారాయన. రెండడుగులు వేసేసరికి అమ్మ తన ముగ్గు తనే తొక్కింది.

"వెనక్కి నడవాలన్నయ్యా! వేసిన ముగ్గు తొక్కుతామా?"

"నా జన్మలో ముగ్గేస్తే కదా తెలిసేది!" అని నవ్వి, గొట్టం మూతి ఇటు తిప్పి అతకాలంటూ పట్టుకెళ్ళారు.

శుక్రవారం మేం ఆయన్ని కడసారి చూడటానికి వెళ్ళినప్పుడు పిన్ని దాన్ని అమ్మ చేతిలో పెట్టింది. "రాత్రే అతికించారు వదినా. తెల్లారగానే నీ చేత వేయించి చూడాలని ఒకటే తొందర."

ఒక్క పూట ఉండి ఉంటే ఎంత బాగుండేది. చేసిన ప్రతి గరాటూ నీళ్ళు పోసి చూసుకునే మనిషి, ఇదొక్కటి చూడకుండానే వెళ్ళిపోయారు. ఆ బాధ నన్ను వదలడం లేదు.

ఇవాళ అమ్మ కళ్లాపి చల్లి గొట్టం తీసింది. పిండి పోయలేదు. "ఊరికే చూస్తా," అంది. గేటు దగ్గర ఎదురింటికి ముఖం పెట్టి నిలబడి, పిడి నొక్కి వదులుతూ ఒక్కో అడుగే వెనక్కి నడిచింది. నడుం వంగలేదు. గొట్టం ఎక్కడా తట్టుకోలేదు.

తడి నేల మీద అమ్మ పాదాల గుర్తులే పడ్డాయి. వేళ్ళన్నీ బాబాయి గుమ్మం వైపే ఉన్నాయి.